ఓటు వేయండి, తప్పు దిద్దుతాం

వేసవి వచ్చిందంటే డాలస్ తెలుగిళ్లలో అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు. వాళ్లకు ఏమేం చూపించాలో, ఏ వరసలో చూపించాలో ఎప్పుడో ఖరారైపోయింది. దాన్ని మార్చే ధైర్యం ఏ కొడుక్కీ, ఏ అల్లుడికీ లేదు. ముందు ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి. తర్వాత కాస్ట్‌కో. ఆ తర్వాత ఇర్వింగ్ పార్కులో మనవాళ్లు పూనుకుని 2014లో నిలబెట్టిన గాంధీ విగ్రహం. ఇన్నీ అయ్యాక ఒక శనివారం మిగిలిపోతే దాన్ని చరిత్రకు కేటాయిస్తారు. పొద్దున డౌన్‌టౌన్‌లో కెనడీని కాల్చిన చోటు, మధ్యాహ్నం సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో జార్జి డబ్ల్యూ. బుష్ గారి లైబ్రరీ. రెండింటికీ మధ్య కారులో కాసేపటి దారి. మొదటిచోట అధ్యక్షుడు చనిపోయాడు, కాబట్టి కథ ఊరివాళ్లు చెప్తారు. రెండోచోట అధ్యక్షుడు నిక్షేపంలా ఉన్నాడు, ఆయన కథ ఆయనే చెప్పుకుంటాడు.

లైబ్రరీ అన్నారు కదా అని పుస్తకం తీసుకుని ఓ మూల కూర్చుందామనుకుంటే కుదరదు. అమెరికాలో అధ్యక్షుల లైబ్రరీ అంటే వేరు. ఒకప్పుడు అధ్యక్షుడు దిగిపోతూ తన కాగితాలన్నీ మూటగట్టుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. అవి ఆయన సొంత ఆస్తి. కొన్ని తగలబడ్డాయి, కొన్ని వారసులు చించేశారు, కొన్ని అమ్ముకున్నారు. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఇది పద్ధతి కాదనుకుని తన ఎస్టేటులో స్థలమిచ్చి, చందాలు పోగేసి భవనం కట్టించి, కాగితాలతో సహా ప్రభుత్వానికి అప్పగించాడు. 1941లో తెరిచారు. 1955లో దానికో చట్టం చేశారు. కట్టడం చందాదారుల వంతు, నడపడం ప్రభుత్వం వంతు. మంచి ఆలోచనే. కాకపోతే కాగితాలు దాచడానికి కట్టిన ఇంట్లో ముందు గది ఒకటి మ్యూజియానికి ఇచ్చారు. ఒంటె కథలో ఒంటెలాగా ఆ ముందు గదే ఇల్లంతా ఆక్రమించింది. ఇప్పుడు జనం చూసేది మ్యూజియం, కాగితాలుండేది జనం వెళ్లని చోట. చందా ఎవరిచ్చారో బయటపెట్టి తీరాలన్న చట్టం మాత్రం ఇప్పటికీ లేదు. అధ్యక్షుడు ఇంకా కుర్చీలో ఉండగానే వసూలు చేసినా అంతే.

బుష్ గారి ఫౌండేషన్ యాభై కోట్ల డాలర్లకు పైనే పోగుచేసింది. స్థలం యూనివర్సిటీ ఇచ్చింది. అక్కడ అంతకుముందు జనం కాపురముండే అపార్టుమెంట్లుండేవి. యూనివర్సిటీ ఒక్కొక్కటీ కొనేసి నేలమట్టం చేసింది. మమ్మల్ని మోసం చేశారని కొందరు యజమానులు కోర్టుకెక్కారు కూడా. ఇక్కడ ఈ గుడి వద్దు మహాప్రభో అని మెథడిస్టు పాస్టర్లు, అధ్యాపకులు కొందరు మొరపెట్టుకున్నారు. స్థలపురాణంలో ఈ ఘట్టాలు చేర్చే ఆనవాయితీ ఎక్కడా లేదు కాబట్టి ఇక్కడా లేదు.

2013 ఏప్రిల్ 25న ప్రారంభోత్సవం. బతికున్న ఐదుగురు అధ్యక్షులూ ఒకే వేదిక మీద నిలబడి ఒకరినొకరు పొగుడుకున్నారు. నిన్న మొన్నటిదాకా ఒకరి పాలనని ఒకరు తిట్టి ఓట్లడిగినవాళ్లే. రేపు తమ ప్రారంభోత్సవానికీ జనం కావాలి కదా! మామూలు జనాన్ని లోపలికి వదిలింది మాత్రం మే 1న. ఆ తేదీ ఎవరు ఖాయం చేశారో గానీ ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలి. సరిగ్గా పదేళ్ల కిందట, 2003 మే 1న, ఇదే బుష్ గారు విమానవాహక నౌక మీద దిగి, పని పూర్తయిందని చాటే బ్యానరు కింద నిలబడి, ఇరాక్‌లో పెద్ద పోరాటాలు ముగిశాయని ప్రకటించారు. ఆ తర్వాత అక్కడ ఎనిమిదేళ్లకు పైగా సైన్యం ఉండిపోయింది.

లోపల అన్నీ భారీగా ఉంటాయి. పైకప్పు దగ్గర చుట్టూ తిరిగే తెర, కూలిన ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చిన వంకర తిరిగిన ఉక్కు దూలాలు. వాటిని చేత్తో ముట్టుకోవచ్చు. ముట్టుకున్నవాడెవడూ అక్కడ వెటకారం చేయలేడు, నేనూ చేయను. శిథిలాల మీద నిలబడి ఆయన మాట్లాడిన మెగాఫోను అద్దాల పెట్టెలో ఉంటుంది. కొంచెం ముందుకెళ్తే వైట్‌హౌస్‌లోని ఓవల్ ఆఫీసును అచ్చు గుద్దినట్టు కట్టారు. ఆ బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఫొటో దిగొచ్చు. మన పెద్దవాళ్లు ఎంతో హుషారుగా దిగుతారు. ఆ ఫొటో ఊళ్లో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడిన పది నిమిషాల్లో "బాబాయ్ గారు ప్రెసిడెంటయ్యారు" అని బొటనవేళ్ల వాన కురుస్తుంది. అన్నేళ్ల పాలన నుంచి వాళ్లు ఇంటికి మోసుకెళ్లేది అదే.

కానీ ఆ భవనం ఆయువుపట్టు అక్కడ లేదు. నిర్ణయాల థియేటర్ అని ఒకటుంది, అందులో ఉంది. తలా ఒక తెర ముందు నిలబెడతారు. ఒక సంక్షోభం ఇస్తారు. ఇరాక్ మీదికి వెళ్లాలా వద్దా, అక్కడికి ఇంకా సైన్యాన్ని పంపాలా, కట్రినా తుపానుకు ఏం చేయాలి, మునిగిపోతున్న బ్యాంకులను ప్రజల డబ్బుతో గట్టెక్కించాలా, ఇట్లాంటివి. నాలుగు వైపుల నుంచి సలహాదారులు తెర మీద సలహాలిస్తారు. మధ్యలో తాజా వార్త అంటూ గంటలు మోగుతాయి. గడియారం పరుగెత్తుతుంది. అప్పుడు ఓటు వేయమంటారు. లెక్క చూపిస్తారు. ఆ తర్వాత అసలాయన తెర మీద ప్రత్యక్షమై, తాను ఏం చేశాడో, అదెందుకు చేయాల్సి వచ్చిందో ఓపిగ్గా చెప్తాడు. మీరు యుద్ధం వద్దన్నా ఆయన వస్తాడు. గదిలో ఉన్నవాళ్లంతా వద్దన్నా వస్తాడు.

మా మామగారు కలెక్టరేట్ రికార్డు సెక్షన్‌లో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి. ఓటు వేశారు, ఓడిపోయారు. తెర మీద సంజాయిషీ అయ్యేదాకా చేతులు కట్టుకుని విని, బయటికొచ్చాక అన్నారు:

"అల్లుడుగారూ, ఇదంతా నాకు తెలిసిన పనేనండీ. ప్రజాభిప్రాయ సేకరణ."

ఫ్యాక్టరీకి భూములు రాసిచ్చేసి, ప్రహరీ కూడా లేపేసి, ఆ మీదట షామియానా వేసి ఊరివాళ్ల అభిప్రాయం అడిగే కార్యక్రమం. వచ్చినవాళ్లలో సగంమంది వద్దంటారు. వద్దన్నారని మినిట్స్‌లో రాసుకుంటారు. మజ్జిగ ప్యాకెట్లిచ్చి పంపిస్తారు. ఫ్యాక్టరీ ముందే అనుకున్న చోట ముందే అనుకున్న రోజుకు తెరుస్తారు. టెక్సాస్‌లో మజ్జిగ ఇవ్వరు, అంతే తేడా.

ఇందులో కిటుకు గమనించండి. ప్రశ్నలు ఆయనవే, గడియారం ఆయనదే, సలహాదారుల మాటలూ ఆయన ఇంట్లో ఎంచినవే. ఆ హడావుడిలో మీకేమీ తోచదు. తోచకపోవడమే కావాలి. పాపం ఆ కుర్చీలో ఎవరున్నా ఇంతే చేసేవాళ్లు అనుకుంటూ బయటికి రావాలి. కాని ఇరాక్ యుద్ధం నిమిషాల్లో తేల్చిన వ్యవహారమా? నెలల తరబడి నడిచింది. ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు అక్కడ సామూహిక విధ్వంసక ఆయుధాల కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు, ఇంకొంత గడువు కావాలని అడుగుతూనే ఉన్నారు. ప్రపంచమంతా వీధుల్లోకొచ్చి వద్దంది. ఆగడానికి అన్ని నెలలు చేతిలో ఉంచుకుని ఆగని పెద్దమనిషి, మనల్ని మాత్రం నిమిషాల్లో తేల్చమంటున్నాడు. ఆ ఆయుధాల నిల్వలు చివరికి దొరకలేదన్న సంగతి మ్యూజియంలో ఉంది, దాచలేదు. పక్కనే, మళ్లీ తయారుచేసే సత్తా సద్దాంకు ఉందన్న సమర్థింపూ ఉంది. దొంగ దొరకలేదు గానీ వాడికి దొంగతనం చేసే చేతులున్నాయి కదా అన్నట్టు. నాలుగు వేల నాలుగొందలమందికి పైగా అమెరికన్ సైనికులు, నమోదైన లెక్క ప్రకారమే లక్షకు పైగా ఇరాక్ పౌరులు పోయారు. వాళ్లకు ఆ థియేటర్‌లో ఓటు లేదు.

సరే, కాగితాల సంగతి. మామగారికి అదే ముఖ్యం. "ఫైళ్లెక్కడుంచారండీ?" అని కౌంటర్ దగ్గర అమ్మాయిని అడిగారు. ఆమె మర్యాదగా నవ్వి గిఫ్ట్ షాపు వైపు చూపించింది. ఫైళ్లున్నాయి, బోలెడు. ఏడు కోట్ల పేజీలు, ఇరవై కోట్ల ఈమెయిళ్లు. పదవి దిగిన ఐదేళ్లకు, అంటే 2014 జనవరి నుంచి, సమాచార చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. అడిగితే ఉద్యోగి ఒక్కో పేజీ చదివి, ఏది చూపొచ్చో ఏది కూడదో తేల్చి, మాజీ అధ్యక్షుడికీ ఇప్పటి అధ్యక్షుడికీ కబురు పెట్టి, వాళ్లు సరేనంటే చూపిస్తారు. ఏళ్లు పట్టొచ్చు. మెగాఫోను చూడాలంటే టికెట్టు చాలు. ఆ మెగాఫోను పక్కకు పెట్టాక గదిలో తలుపులు వేసుకుని ఏం మాట్లాడుకున్నారో చూడాలంటే పునర్జన్మ ఎత్తాలి.

ఈ లైబ్రరీ యజమానికి కాగితాల మీద ప్రేమ ఎంతటిదో ఆయన కుర్చీ ఎక్కిన ఏడాదే తెలిసింది. రీగన్ కాలపు పత్రాలు పన్నెండేళ్ల గడువు తీరి బయటికి రావాల్సిన తరుణం. రీగన్ దగ్గర ఉపాధ్యక్షుడు ఎవరంటే, ఈయన నాన్నగారు. 2001 నవంబరులో ఈయన ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. మాజీ అధ్యక్షులు, వాళ్ల వారసులు కూడా వద్దంటే పత్రాలు బయటికి రాకుండా ఆపొచ్చని. చరిత్రకారులు కోర్టుకు వెళ్లారు. చివరికి ఒబామా వచ్చిన మర్నాడే ఆ ఉత్తర్వును చెత్తబుట్టలో వేశాడు. ఇంకొకటి, ఈయన హయాంలో వైట్‌హౌస్ ఈమెయిళ్లు 2 కోట్ల 20 లక్షల దాకా కనిపించకుండాపోయి, ఆయన దిగాక 2009లో బయటపడ్డాయి. ఈ మాట చెప్పగానే మామగారి మొహంలో తోటి ఉద్యోగిని చూసిన ఆప్యాయత కనిపించింది. "మేమైతే చెదలు తిన్నాయని రాసేవాళ్లమండీ. వీళ్లకు పాపం చెదలు కూడా లేవు."

బుష్ గారి బొమ్మల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పదవి దిగాక ఆయన కుంచె పట్టుకున్నారు. 2014లో పుతిన్ మొదలుకొని తాను కలిసిన దేశాధినేతల మొహాలు గీసి ఇక్కడే ప్రదర్శన పెట్టారు. 2017లో, తాను యుద్ధానికి పంపగా కాళ్లో చేతులో మనశ్శాంతో పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికుల మొహాలు గీశారు. అవి పుస్తకంగా వచ్చాయి, బాగా అమ్ముడయ్యాయి. వచ్చిన డబ్బు సైనికుల సహాయానికే ఇచ్చారు. బొమ్మలు అంత తీసిపారేయదగ్గవీ కావు, కొన్ని కళ్లు నిజంగా వెంటాడతాయి. ఆ కళ్లను అంత దగ్గరగా చూడటానికి పదవి దిగేదాకా తీరిక చిక్కకపోవడమే విచారం. పైగా తిరిగొచ్చినవాళ్లనే గీయగలం కదా.

అధ్యక్షుల లైబ్రరీలన్నీ ఇంతేనా అంటే, కాదు. కాకపోవడానికి కారణం అధ్యక్షులు కాదు, గుమాస్తాలు. మూడు గంటలు కారు నడిపితే ఆస్టిన్‌లో లిండన్ జాన్సన్ లైబ్రరీ. అందులో జాన్సన్ మరబొమ్మ ఒకటి నిలబడి చేతులూపుతూ జోకులు చెప్తుంది, దాన్ని దాటిపోండి. ఆయన ఫోను సంభాషణలెన్నో రహస్యంగా రికార్డు చేయించుకుని, తాను పోయాక యాభయ్యేళ్ల దాకా తెరవొద్దన్నాడు. లైబ్రరీ డైరెక్టర్, ఆయన దగ్గరే పనిచేసినవాడు, అంతకాలం ఆగితే టేపులు పాడైపోతాయని 1990లలోనే తెరిపించాడు. వియత్నాం యుద్ధం గెలవలేమని లోపల గింజుకుంటూ బయట ఇంకా ఇంకా కుర్రాళ్లను పంపిన మనిషి గొంతు ఇవాళ ఎవరైనా వినొచ్చు. కాలిఫోర్నియాలో నిక్సన్ లైబ్రరీ 1990లో తెరిచినప్పుడు చందాదారుల చేతిలోనే ఉండేది. ఆయన్ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం అంటే ప్రత్యర్థులు పన్నిన కుట్ర అన్నట్టు గోడల మీద రాసుకున్నారు. 2007లో ప్రభుత్వం చేతికొచ్చాక ఆ గదిని ఊడబెరికి, 2011లో జరిగింది జరిగినట్టు పెట్టారు. నిక్సన్ భక్తులు గోలగోల చేశారు. దేవుడి మాట పూజారి ధిక్కరించిన చోట్లే చరిత్ర కొంచెం మిగిలింది.

మరి డౌన్‌టౌన్ సంగతి? 1963 నవంబరు 22 మధ్యాహ్నం 12:30కి కెనడీ మీద తూటాలు పేలిన భవనం పేరు టెక్సాస్ స్కూల్ బుక్ డిపాజిటరీ. బడి పుస్తకాల గోదాము. ఆరో అంతస్తు మూలన కిటికీ దగ్గర, కెనడీని కాల్చిన ఆజ్వాల్డ్ చాటుగా పేర్చుకున్న అట్టపెట్టెల్లో ఉన్నవి పిల్లల పాఠ్యపుస్తకాలు. ఆ రాష్ట్రంలో పాఠ్యపుస్తకాల చాటున చరిత్ర మీద గురిపెట్టడం ఆ రోజుతో ఆగలేదు. 2015లో ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి తన పుస్తకంలో ఒక పటం కింద రాసింది ఫొటో తీసి అమ్మకు పంపాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా గొలుసులేసి తెచ్చిన లక్షలాది మందిని అందులో పనివాళ్లు అన్నారు, అదీ వలసల అధ్యాయంలో. ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పుకుని దిద్దారు.

ఆ గోదామును కూల్చేద్దామని ఊరు చాలాకాలం తహతహలాడింది. 1977లో కౌంటీ కొని ఆఫీసులు పెట్టుకుంది. ఆరో అంతస్తును మాత్రం ఏం చేయాలో తెలియలేదు. 1989లో మ్యూజియం చేశారు. ఇప్పుడు మూల కిటికీ చుట్టూ గాజు గోడ. పెట్టెలు అప్పుడెలా ఉన్నాయో అలాగే పేర్చారు, పిల్లల చేత "ఇక్కణ్నుంచేనా?" అనిపించుకుంటాయి. నిజాయితీగా చెప్పాలంటే ఇది మంచి మ్యూజియమే. ఆజ్వాల్డ్ ఒక్కడే అన్న, హత్యపై విచారణ జరిపిన వారెన్ కమిషన్ మాటా చెప్తుంది, కుట్ర ఉండొచ్చన్న 1979 కాంగ్రెస్ కమిటీ మాటా చెప్తుంది. కానీ బయట? ముందున్న ఎల్మ్ వీధి మధ్యలో తూటా తగిలిన చోట ఎవరో తెల్లటి ఎక్స్ గుర్తు వేశారు. యాభయ్యేళ్ల సంస్మరణకు ముందు రోడ్డు వేస్తూ నగరం దాన్ని చెరిపేసింది, అది మళ్లీ మొలిచింది. సిగ్నల్ పడగానే జనం ఆ గుర్తు మీదికి పరుగెత్తి, నవ్వుతూ, రెండు వేళ్లు చూపిస్తూ ఫొటోలు దిగుతారు. వెనక కారు హారన్ కొడుతుంటుంది. అధ్యక్షుడు పోయిన చోటే తామూ పోయే ఏర్పాటు. ఆ హత్యను చిత్రించిన 26 సెకన్ల ఇంటి ఫిల్ముకు ప్రభుత్వం 1999లో 1 కోటి 60 లక్షల డాలర్లు పరిహారం కట్టింది. హంతకుడు ఆ తుపాకీని టెలిస్కోపుతో సహా పోస్టులో తెప్పించుకుంది ఇరవై డాలర్ల చిల్లరకు.

మనవాళ్లకు ఇంకో ముచ్చట. ఆజ్వాల్డ్ ఆ ముందురోజు రాత్రి పడుకున్నది ఇర్వింగ్‌లో ఒక ఇంట్లోనే. తుపాకీ దుప్పట్లో చుట్టి దాచింది అక్కడి గరాజులోనే. పొద్దున కాగితంలో చుట్టిన పొట్లంతో కారెక్కి, కర్టెన్ రాడ్లు అని చెప్పాడు. ఆ ఇంటిని కూడా ఊరు కొని 1963లో ఉన్నట్టు తీర్చి మ్యూజియం చేసింది. కర్టెన్ రాడ్ల అబద్ధానికి కూడా ఒక మ్యూజియం దక్కింది.

ఇప్పుడు ఆ ఎల్మ్ వీధి మలుపులో నిలబడి అటు తిరగండి. ఎర్ర రాళ్ల కోట ఒకటి కనిపిస్తుంది. 1892 నాటి పాత కోర్టు. అందరూ దాని ముందూ ఫొటో దిగుతారు, అందంగా ఉంటుంది. 1910 మార్చి 3న ఆ కోర్టులో, రెండో అంతస్తులో, అలెన్ బ్రూక్స్ అనే నల్లజాతి వృద్ధుడి మీద విచారణ మొదలవబోతోంది. గుంపు తలుపులు బద్దలుకొట్టి వచ్చి, మెడకు తాడు వేసి, కిటికీలోంచి కిందికి లాగింది. అక్కణ్నుంచి మెయిన్ వీధి వెంట ఈడ్చుకుపోయి అకార్డ్ మలుపు దగ్గర వేలాడదీసింది. వేలమంది చూశారు. ఫొటో తీసి పోస్టుకార్డులు అచ్చేసి అమ్ముకున్నారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. గుర్తుగా ఆ మలుపు దగ్గర ఫలకం 2021లో వచ్చింది, నూటపదకొండేళ్లకు.

ఒకే కూడలి, రెండు కిటికీలు. ఒకదానికి గాజు గోడ, టికెట్టు, ఆడియో గైడు, గిఫ్ట్ షాపు. రెండోదానికి ఏమీ లేదు. మొదటి దాంట్లోంచి పోయినవాడు అధ్యక్షుడు, కాల్చినవాడు ఒక్కడు. రెండో దాంట్లోంచి పోయినవాడు ఎవరో ముసలాయన, చంపింది ఊరు. ఊరు తన మీద తనే మ్యూజియం కట్టుకుని టికెట్లమ్మడం కొంచెం కష్టం.

మనమేదో తక్కువని కాదు. మన దగ్గర ఇంత ఖర్చు పెట్టం, పేరు బోర్డు మార్చి సరిపెట్టుకుంటాం. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మారింది, 2024లో వైఎస్సార్ నుంచి ఎన్టీఆర్‌కు వచ్చేసింది. డిగ్రీ చదివే పిల్లలకు మెడిసిన్ కన్నా లెటర్‌హెడ్ గుర్తుంచుకోవడం కష్టమైంది. అమెరికాలో అధ్యక్షుల లైబ్రరీలకు ఆ బాధ లేదు. అక్కడ ఒకరి గుడి మీద ఇంకొకరి బోర్డు తగిలించరు. ఎవరికి వారు కొత్తది కట్టుకుంటారు.

ఇక రాబోయే కొత్త గుడి సంగతి అందరికీ తెలిసిందే. ట్రంప్ గారి లైబ్రరీకి ఏబీసీ కోటిన్నర డాలర్లు, మెటా 2 కోట్ల 20 లక్షలు, పారామౌంట్ 1 కోటి 60 లక్షల దాకా ఇస్తామన్నాయి. భక్తితో కాదు, ఆయన వేసిన దావాల రాజీ కింద. హుండీలో కానుకలు వేయించుకోవడం అందరూ చేసేదే, కోర్టు నోటీసు పంపి వేయించుకోవడం మాత్రం కొత్త. రీగన్ మ్యూజియంలో ఆయన తిరిగిన విమానం ఉంటే, ఈయనకు ఖతర్ రాజకుటుంబం బోయింగ్ 747 ఇచ్చింది. పదవి దిగాక అది లైబ్రరీకే పోతుందన్నారు. స్థలం మయామీలో చూశారు. డబ్బుంది, విమానముంది, స్థలముంది. అందులోనూ ఓట్ల గది ఒకటి పెడితే వెళ్లి చూడాలని ఉంది. అక్కడ మనం ఓటేశాక ఆయన తెర మీదికొచ్చి తప్పు దిద్దడు. లెక్క మళ్లీ పెట్టమంటాడు.